రెయిలింగు రంగు ఊడుతోందా? ముందు పెచ్చు తిప్పి చూడండి

కొత్త డబ్బా కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పుట్టీ పట్టీతో ఊడుతున్న చోట ఒక పెచ్చు లేపి, దాని వెనక వైపు చూడండి. ఎర్రటి తుప్పు పొడి అంటుకుని ఉంటే ఒక జబ్బు. తుప్పేమీ లేకుండా కింద బూడిదరంగు లోహం మెరుస్తుంటే ఇంకోటి. కింద పాత రంగు నున్నగా కనిపిస్తే మూడోది, తెల్లటి పొడి ఉంటే నాలుగోది. నాలుగింటికీ మందు వేరు. కొట్లో అడిగితే మాత్రం అన్నిటికీ ఒకటే ఇస్తారు: లీటరు రెడ్ ఆక్సైడు ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత), లీటరు ఎనామిల్ రంగు.

పెచ్చు వెనక తుప్పు పొడి

ఇది మామూలు ఇనుము. తుప్పు ఎక్కడ మొదలైందో చూస్తే కారణం తెలిసిపోతుంది.

వెల్డింగు అతుకుల దగ్గరైతే, స్లాగ్ తీయకుండా ప్రైమర్ వేశారన్నమాట. వెల్డింగు మీద గాజులా గట్టిపడే ఆ నల్లటి పొర పెళుసుది. అది రాలినప్పుడు పైనున్న రంగునూ పట్టుకుపోతుంది. చదరపు పైపు అంచుల మీద మొదలైతే, అక్కడ రంగు పల్చగా పడింది. తడి రంగు అంచు మీద నిలవదు, రెండు పక్కలకీ జారిపోతుంది. చువ్వ సిమెంటులోకి దిగే మొదట్లో అయితే, చుట్టూ వచ్చిన సన్నటి సందులో వాన నీరు నిలుస్తోంది.

కళింగపట్నం, బారువ, భావనపాడు, పూసపాటిరేగ దగ్గరి చింతపల్లి లాంటి తీర గ్రామాల్లో వీటికి ఉప్పు గాలి తోడవుతుంది. ఉప్పు గాల్లోని చెమ్మను లాక్కుంటుంది. రంగు కింద ఉప్పు మిగిలిపోతే ఆ చెమ్మ పొక్కులుగా లేస్తుంది. అందుకే తీరంలో మొదటి పని గీకడం కాదు, కడగడం. మంచినీళ్లలో కాస్త సబ్బు పొడి వేసి రుద్ది, మళ్లీ మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఉప్పగా ఉండే బోరు నీళ్లు పనికిరావు.

తర్వాత వదులుగా ఉన్న తుప్పంతా వైర్ బ్రష్‌తో, అతుకుల మీది స్లాగ్ చిన్న సుత్తితో తీయండి. 80 నంబరు ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, 120తో సాపు చేయండి. గుంటల్లో పాతుకుపోయిన తుప్పుకి రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) రాసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగండి. దుమ్మును టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, ప్రైమర్ అదే రోజు వేయాలి. తెరిచిన ఇనుమును రాత్రి మంచుకి వదిలితే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

ప్రైమర్ మొత్తం రెయిలింగుకి వేసే ముందు, అర అంగుళం బ్రష్‌తో అంచులకీ అతుకులకీ మాత్రమే విడిగా ఒక కోటు వేయండి. అది ఆరాక మొత్తానికి ప్రైమర్, ఆపైన రెండు కోట్ల ఎనామిల్. చాలామంది పెయింటర్లు ఎగ్గొట్టేది ఆ విడి కోటే. మేస్త్రీతో కూలి మాట్లాడేటప్పుడే దాని సంగతీ తేల్చుకోండి. చువ్వ మొదట్లో పాత సిమెంటు సందు గీకి, సిలికాన్ కాకుండా రంగు పట్టే పీయూ (పాలీయురెథేన్) సీలెంటుతో నింపండి. చుట్టూ నీరు బయటికి జారేలా సిమెంటు వాలు కట్టండి.

తీరానికి దూరంగా ఉన్న రాజాం, చీపురుపల్లి, బొబ్బిలి వైపు ఇది చాలు. తీరంలో మాత్రం రెడ్ ఆక్సైడు బదులు రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్, పైన పీయూ రంగు వేస్తే ఖర్చుకి తగ్గట్టు నిలుస్తుంది. ఎపాక్సీని పైపూతగా వదిలేయొద్దు, ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. పాత ఎనామిల్ మీద దీన్ని వేయకూడదు. దాని థిన్నరుకి కింది రంగు మెత్తబడి, ముడతలు పడి లేచిపోతుంది. ఈ పద్ధతికి వెళ్లేవాళ్లు పాతదంతా లోహం దాకా తీయాల్సిందే.

తుప్పు లేదు, కింద బూడిదరంగు మెరుపు

ఇది జి.ఐ. పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. అయస్కాంతంతో తేలదు, మామూలు ఇనుముకీ దీనికీ కూడా అంటుకుంటుంది. నేరుగా ఎనామిల్ వేస్తే, అందులోని నూనె జింకుతో కలిసి మధ్యలో సబ్బులాంటి పొర ఏర్పడుతుంది. కొన్నాళ్లకి రంగు అరటి తొక్కలా పెద్ద ముక్కలుగా వచ్చేస్తుంది. మామూలు రెడ్ ఆక్సైడుదీ అదే గతి.

ఊడేదంతా తీసేసి, సబ్బు నీళ్లతో జిడ్డు పోగొట్టి, 150 నంబరు పేపరుతో తేలిగ్గా రుద్దండి. జింకు పూత పోయేలా గట్టిగా రుద్దొద్దు. తర్వాత ఎచ్ ప్రైమర్ (జింకుని కాస్త కొరికి పట్టు కుదిర్చేది) గాని, జి.ఐ. మీద పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీ ప్రైమర్ గాని వేయాలి. వెల్డింగు చోట జింకు కాలిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ ముందు జింక్ రిచ్ ప్రైమర్ (జింకు పొడి ఎక్కువున్నది) తప్పనిసరి.

కింద పాత రంగు నున్నగా

రుద్దకుండా రంగు మీద రంగు వేశారు. పాత రంగు గట్టిగానే ఉందా అన్నది పరీక్షించండి. బ్లేడుతో అడ్డంగా నిలువుగా గళ్లు గీసి, టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. ముక్కలు టేపుకి రాకపోతే 220 నంబరుతో మెరుపంతా చచ్చేదాకా రుద్ది, తుడిచి, రెండు కోట్లు వేస్తే చాలు. వస్తే మొత్తం తీయాలి.

పాత ఇళ్లలో ఒక జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకి 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుని పొడిగా రుద్దొద్దు. తడి పేపరు వాడి, ముక్కుకి మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, పొడిని తడిగుడ్డతో ఎత్తండి.

కింద తెల్ల పొడి

ఇది ఇనుప రెయిలింగు కాదు, పిట్టగోడ సిమెంటు బాలస్టర్ల (వరసగా నిలబెట్టే చిన్న స్తంభాల) సంగతి. సిమెంటులోని క్షారం ఎనామిల్‌ని తినేస్తుంది, లోపలి చెమ్మ ఉప్పుని పైకి తోస్తుంది. పొడిని తడపకుండా బ్రష్‌తో దులిపి, పైనుంచి నీరు దిగే పగుళ్లు పూడ్చి, ఆరాక ఎక్స్‌టీరియర్ ప్రైమర్, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయండి. కొత్తగా పోసినవైతే 28 రోజులు ఆగండి.

ఊడలేదు గాని మెరుపు పోయింది, జిగురు వదల్లేదు, ముడతలు పడ్డాయి

మెరుపు పోవడానికి వేసిన వేళే ఎక్కువగా కారణం. మనవైపు సంక్రాంతి ముందే అందరూ రంగులకి దిగుతారు, మంచు కురిసేదీ అప్పుడే. సాయంత్రం నాలుగు దాటాక వేసిన ఎనామిల్ మీద మంచు పడితే తెల్లారేసరికి పాలిపోయి ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకి, గుడ్డతో తుడిచాక మొదలెట్టి, మూడింటికల్లా ఆపేయండి. పాలిపోయినదాన్ని 320తో రుద్ది ఇంకో కోటు వేస్తే సరిపోతుంది.

మే నెలలో ఇబ్బంది ఎదురు తిరుగుతుంది. చెయ్యి ఆనించలేనంత కాలిన పైపు మీద రంగు పైపైన ఆరిపోయి లోపల బుడగలు కడుతుంది. ఉదయం పడమటి వైపు, మధ్యాహ్నం తూర్పు వైపు వేసుకోండి.

జిగురు వదలకపోతే మందంగా వేసి ఉంటారు, లేదా కిరసనాయిలు కలిపి ఉంటారు. ఎనామిల్‌లో టర్పెంటైన్ నూటికి 5 నుంచి 10 పాళ్లు మించొద్దు. వారం ఎండకీ ఆరకపోతే గీకేయడమే. పైన ఇంకో కోటు వేస్తే కిందిది ఎప్పటికీ ఆరదు. ముడతలు మాత్రం మొదటి కోటు ఆరకముందే రెండోది వేస్తే వస్తాయి. గోరు దిగకుండా ఉన్నాకే రెండోది, చెమ్మ రోజుల్లో కనీసం 24 గంటలు.

ఎంత కొనాలి

పొడవుని ఎత్తుతో గుణించి, సాదా చువ్వల రెయిలింగుకి ఒక ముఖం కొలతే రెండు వైపులకీ లెక్కేయండి. 20 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు అంటే 60 చదరపు అడుగులు. ప్రైమర్ అర లీటరు, రెండు కోట్లకి ఎనామిల్ లీటరు. పూల డిజైను గ్రిల్లయితే ఇంకో సగం కలుపుకోండి.

రంగు బాగుంది, అతుకులోంచి గోధుమరంగు చారలు కారుతున్నాయి

పైపు లోపలి నుంచి తుప్పు పడుతోంది. తెరిచి ఉన్న కొసలోంచో అతుకు రంధ్రంలోంచో వాన నీరు దిగుతోంది. కొసకి రేకు బిళ్ల పెట్టి వెల్డింగు చేయించండి. లోపలి నీరు పోయేలా పైపు అడుగున 6 మి.మీ. రంధ్రం పెట్టించండి. ఆ పైపుని అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. ఎక్కడైనా లోపలికి దిగితే రంగు ఖర్చు దండగ. అంతవరకూ కోయించి కొత్త ముక్క అతికించాలి. అదయ్యేదాకా ఆ రెయిలింగు మీద ఎవరినీ ఆనుకోనివ్వొద్దు.