పాత కారును వెనక నుంచి గుద్దితే పెట్రోల్ ట్యాంకు అంటుకోకుండా ఏమేం చూసుకోవాలి?

వెనక నుంచి గుద్దిన ప్రతి కారూ అంటుకోదు. అలా జరగడం అరుదే. అంటుకుంటే మాత్రం బయటపడటానికి దొరికే సమయం చాలా తక్కువ. పాత కార్లలో ఈ ప్రమాదం ఎంతుందో రెండు విషయాలు తేలుస్తాయి: కంపెనీ ట్యాంకును ఎక్కడ పెట్టింది, ఇన్నేళ్లలో దాన్ని ఎవరు ఎలా చూసుకున్నారు. మొదటిదాన్ని మార్చలేం కానీ తెలుసుకోవచ్చు. రెండోదాన్ని ఒక పూటలో మెకానిక్ షెడ్డులో సరిచూసుకోవచ్చు.

1. ట్యాంకు ఎక్కడుందో కిందికెళ్లి చూడండి

కారును ర్యాంప్ ఎక్కించండి. ట్యాంకు వెనక యాక్సిల్‌కు (వెనక చక్రాలను కలిపే ఇరుసుకు) ముందు, అంటే సుమారుగా వెనక సీటు కింద ఉంటే నయం. దెబ్బ అక్కడిదాకా వచ్చేలోపే డిక్కీ నలిగి చాలా బలాన్ని తీసేసుకుంటుంది. యాక్సిల్‌కు, బంపర్‌కు మధ్య వేలాడుతుంటే మాత్రం, నలిగే చోటే ట్యాంకు ఉన్నట్టు.

అమెరికాలో 1971 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ పింటోలో జరిగింది ఇదే. వెనక నుంచి గట్టిగా గుద్దితే ట్యాంకు ముందుకు జరిగి డిఫరెన్షియల్‌కు (యాక్సిల్ మధ్యలో ఉండే పళ్లచక్రాల పెట్టెకు), దాని బోల్టులకు తగిలి చిరిగేది. పెట్రోల్ పోసే గొట్టం కూడా ట్యాంకులోంచి ఊడొచ్చేది. 1978లో పింటోలనూ, వాటి జోడీ మెర్క్యురీ బాబ్‌క్యాట్లనూ కలిపి సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. ఆ రిపేరులో ముఖ్యమైనవి రెండే: ట్యాంకుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఒక ప్లాస్టిక్ కవచం, ఇంకాస్త పొడవైన గొట్టం. (ప్రాణానికి ఖరీదు కట్టి, కారుకు 11 డాలర్లు మిగుల్చుకున్నారని పింటో గురించి చెప్పుకునే లెక్క ఒకటుంది. నిజానికి ఫోర్డ్ కంపెనీ కాగితంలో ఉన్న ఆ లెక్క బండి బోల్తా పడినప్పుడు కారే పెట్రోల్ గురించి, అది కూడా అమెరికాలో అమ్ముడయ్యే కార్లన్నిటికీ కలిపి వేసింది. పింటో డిజైన్ చెడ్డదన్న మాట మాత్రం దానివల్ల మారదు.)

కాబట్టి ట్యాంకు ఎటు జరిగితే ఏం గుచ్చుకుంటుందో చూడండి. బోల్టు మొనలు, స్ప్రింగు పట్టీలు, తర్వాత ఎవరో బిగించిన ట్రైలర్ హుక్కు, యాక్సిడెంట్ రిపేరులో వెల్డింగ్ చేసిన ఇనుప ముక్క, వీటిలో ఏదైనా ట్యాంకు వైపు పొడుచుకొని ఉంటే కోయించండి లేదా తిప్పి బిగించమనండి. 1965-70 నాటి మస్టాంగ్‌లో ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. అలాంటి బండి ఉన్నవాళ్లు వెనక సీటుకూ డిక్కీకీ మధ్య ఇనుప రేకు వేయించుకోవడం మంచిది. పెట్రోల్ నేరుగా మనుషులు కూర్చునే చోటికి రాదు.

2. రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో వెతకండి

అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన మనవాళ్లు తక్కువ ధరకు దొరికిందని పాత జీప్ కొంటుంటారు. 1993-98 గ్రాండ్ చెరోకీ, 2002-07 లిబర్టీలను ట్యాంకు యాక్సిల్ వెనక ఉన్నందుకే 2013లో రీకాల్ చేశారు. రిపేరు ఏమిటంటే వెనక ఒక ట్రైలర్ హిచ్ (ట్రైలర్ తగిలించే ఇనుప చట్రం) బిగించడం. తక్కువ వేగంలో తగిలే దెబ్బలకు అది పనికొస్తుంది, పెద్ద వేగాలకు దాన్ని నమ్ముకోలేం. నా మట్టుకు నేనైతే ఆ డబ్బుకు 2005 తర్వాతి గ్రాండ్ చెరోకీ చూస్తాను. అందులో ట్యాంకును యాక్సిల్ ముందుకు జరిపారు.

అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో 17 అంకెలు, అక్షరాల విన్ నంబరు (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు నంబరు) కొడితే పెండింగ్ రీకాళ్లు కనిపిస్తాయి. 15 ఏళ్లు దాటిన రీకాళ్లు మామూలుగా అందులో చూపించవు. వాటికి మోడల్ పేరు, సంవత్సరంతో విడిగా వెతకాలి.

3. వాసన, తుప్పు, రబ్బరు

గుద్దినప్పుడు ముందు తెగేది ఎప్పటినుంచో బలహీనపడ్డ చోటే. అందుకే ఈ పనికి ఎక్కువ సమయం పెట్టండి.

- ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీల లోపలివైపు, మట్టి చేరే చోట, తుప్పు చూడండి.
- పెట్రోల్ పోసే గొట్టానికీ ట్యాంకుకూ మధ్య ఉన్న రబ్బరు ముక్కను వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయాలి.
- క్లిప్పులు, మూత వాషరు కూడా చూడండి. మూత బిగించినా వాసన వస్తుంటే వాషరు పోయినట్టే అనుకోండి.

మన దగ్గర ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. గొట్టాలు మార్చేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే రకమే అడిగి తీసుకోండి.

ట్యాంకుకు చిల్లు పడితే వెల్డింగ్ వద్దు. పెట్రోల్ తీసేసిన ట్యాంకులో మిగిలే ఆవిరి, నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. దొరికితే కొత్త ట్యాంకు వేయించుకోండి.

4. పంపు ఆగుతుందా?

ట్యాంకులోంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోడేది పంపు. ఇంజిన్‌తో నడిచే పాత పంపు, ఇంజిన్ ఆగితే తనూ ఆగుతుంది. తర్వాత వేయించిన ఎలక్ట్రిక్ పంపు అలా కాదు. వైరింగ్ సరిగా లేకపోతే, ఇంజిన్ ఆగాక కూడా తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ తెగిన పైపులోంచి పెట్రోల్ తోడుతూనే ఉంటుంది. దెబ్బ తగలగానే కరెంటు ఆపే ఇనర్షియా స్విచ్ వేయించండి. వెనక లైట్లకు, స్పీకర్లకు లాగిన వైర్లు ట్యాంకుకు రాసుకోకుండా కట్టించండి, వాటికి ఫ్యూజు ఉందో లేదో అడగండి.

5. డిక్కీ

సీసాల్లో, క్యాన్లలో పెట్రోల్ మోయకండి. జాకీ, రాడ్లు దొర్లకుండా కట్టేయండి. సీఎన్‌జీ సిలిండర్ ఉంటే మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్ట్ తేదీ ప్లేటు మీద చూసుకోండి, దాన్ని పట్టి ఉంచే బోల్టులు కదలకూడదు. మంటలార్పే సిలిండర్‌ను చాలామంది డిక్కీలోనే పెడతారు, మంట వచ్చేది అటునుంచే అయినా. దాని చోటు డ్రైవర్ సీటు దగ్గర.

6. గుద్దాక

తాళం ఆఫ్ చేయండి, బెల్టు తీయండి, అందరినీ దింపండి. వెనక భాగం నలిగితే తలుపులు ఇరుక్కుపోవచ్చు, అందుకే బెల్టు కోసే కత్తి ఉన్న చిన్న సుత్తి చేతికందే చోట ఉండాలి. తలుపు అద్దాన్ని మధ్యలో కాకుండా మూలన కొట్టాలి. బయటికి వచ్చాక దూరంగా, రోడ్డు పక్కకు వెళ్లి 112కు ఫోన్ చేయండి. అమెరికాలో అయితే 911. లోపల బ్యాగు, ఫోను ఉండిపోయినా మళ్లీ వెళ్లకండి.

చిన్న దెబ్బే అనిపించినా అక్కడికక్కడే స్టార్ట్ చేయకండి. ముందు వంగి ట్యాంకు కింద తడి ఉందేమో చూడండి. తడి కనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా టోయింగ్ బండిని పిలిపించండి. ఏమీ కనిపించకపోయినా, ట్యాంకు నింపేముందు ఒకసారి ర్యాంప్ ఎక్కించి పట్టీలు, గొట్టం అతుకులు చూపించండి. లోపల కదిలిన అతుకు సగం ట్యాంకుతో కారకపోవచ్చు, నిండాక కారుతుంది.