సముద్రం మీద సానెట్ ఇస్తే ముందు నోటితో చదవండి

డిగ్రీ ఇంగ్లీష్ వాళ్లూ పీజీ ఎంట్రన్స్ రాసేవాళ్లూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, "అక్కా, ఫామ్, సౌండ్ అనలైజ్ చెయ్యమంటే ఏం రాయాలి" అని. అర్థం ఎలాగోలా రాసేస్తారు, శబ్దం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. అందుకే ఒక్క పద్యం పట్టుకుని నేనెలా చేస్తానో చెప్తా. ఇంగ్లీష్ కవి జాన్ కీట్స్ రాసిన 'ఆన్ ద సీ', పద్నాలుగు లైన్ల సానెట్. 1817 ఏప్రిల్‌లో ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలో ఉన్నప్పుడు రాశాడు, అప్పటికి 21 ఏళ్లు. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకంలో "సముద్రం వినిపించట్లేదా" అని అడిగే మాట తనని వదలట్లేదని ఫ్రెండ్ రేనాల్డ్స్‌కి లెటర్ కూడా రాశాడు. అంటే ఈ పద్యం చెవిలో మొదలైంది, మనం కూడా అక్కడే మొదలుపెట్టాలి.

ముందు పెన్సిల్ పక్కన పెట్టి గట్టిగా మూడుసార్లు చదవండి. హాస్టల్లో సిగ్గైతే డాబా ఎక్కండి, లేదా పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ చదవండి, హైదరాబాద్‌కి సముద్రం లేకపోయినా హుస్సేన్‌సాగర్ గాలి ఉంది కదా. ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే ఇంకా మంచిది, ఎక్కడ ఊపిరి ఆగిందో, ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ మార్క్ పెట్టుకోండి. మీ ఆన్సర్‌కి కావాల్సిన పాయింట్లు సగం ఆ మార్కుల దగ్గరే ఉంటాయి.

తర్వాత నడక. "ఇట్ కీప్స్ ఇటర్నల్ విస్పరింగ్స్ అరౌండ్" అన్నప్పుడు టేబుల్ మీద వేలితో కొట్టండి, తేలిక-బరువు, తేలిక-బరువు అని ఐదుసార్లు వస్తుంది. దీన్నే అయాంబిక్ పెంటామీటర్ అంటారు. స్కూల్లో ఛందస్సు చదివినవాళ్లకి లఘువు తర్వాత గురువు వచ్చే వ గణం గుర్తొస్తుంది, కాకపోతే మనది మాత్రల లెక్క, ఇంగ్లీష్‌ది ఒత్తి పలకడం లెక్క, ఈ తేడా మర్చిపోవద్దు. మొదటి లైను ఇంత బుద్ధిగా నడిచిందా, రెండో లైను "డెసొలేట్ షోర్స్" అని బరువుతోనే మొదలవుతుంది, నడక తిరగబడింది. ఇలా తిరగబడిన చోట్లే రాయండి, మొత్తం పద్నాలుగు లైన్లకీ గీతలు గీస్తూ కూర్చోవద్దు.

నాకు ఈ పద్యంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు రెండో లైను చివర. "విత్ ఇట్స్ మైటీ స్వెల్" అని లైను అయిపోతుంది కానీ వాక్యం అవ్వదు, అల పైకి లేచి అలా నిలబడ్డట్టు ఉంటుంది, కిందికి రాగానే "గ్లట్స్ ట్వైస్ టెన్ థౌజండ్ కావర్న్స్" అని ఒక్కసారిగా పడుతుంది. గ్లట్స్, ట్వైస్, టెన్, థౌ, నాలుగు బరువులు వరసగా. పలికి చూడండి, నోరు నిండిపోతుంది, గుహల్లోకి నీళ్లు కుక్కుకున్నట్టే. లైను దాటి వాక్యం సాగడాన్ని ఎన్‌జాంబ్‌మెంట్ అంటారు. ఆ పేరు రాస్తే సరిపోదు, అల లేవడం ఎక్కడ, విరగడం ఎక్కడ అని చూపించాలి.

ఇక్కడే చాలామంది చేసే తప్పు. 'స' శబ్దాలు లెక్కపెట్టి "ఇవి సముద్రపు హోరు" అని రాసేస్తారు. మొన్న ఒక అమ్మాయి అలాగే రాసుకొస్తే ఆరో లైను చదవమన్నా: "దట్ స్కేర్స్లీ విల్ ద వెరీ స్మాలెస్ట్ షెల్". ఇక్కడా స ఉంది, కానీ సముద్రం ఇక్కడ చిన్న గవ్వని కూడా రోజుల తరబడి కదపనంత నెమ్మదిగా ఉంది. మరి తేడా ఏంటి? గ్లట్స్ లైన్లో స పక్కన ట, గ లాంటి గట్టి శబ్దాలు ఒరుసుకుంటాయి, ఇక్కడ ల శబ్దాల మధ్య మెత్తగా జారిపోతుంది. ఆ అమ్మాయి రెండు లైన్లూ మార్చి మార్చి నాలుగుసార్లు చదివి, "అక్కా, ఇందులో నాలుక ఎక్కడా గుద్దుకోవట్లేదు" అంది. ఆ మాటే ఆన్సర్‌లో రాయమన్నా. అక్షరం ఒక్కదానికే అర్థం ఉండదు, పక్కన ఎవరున్నారన్నదే లెక్క.

రైమ్ అంటే మన అంత్యప్రాసే. మొదటి ఎనిమిది లైన్లలో రెండే శబ్దాలు, అరౌండ్-సౌండ్-ఫౌండ్-అన్‌బౌండ్ ఒకటి, స్వెల్-స్పెల్-షెల్-ఫెల్ ఇంకొకటి, ఏబీబీఏ (ఒకే ప్రాస ఉన్న లైన్లకి ఒకే అక్షరం) చొప్పున రెండుసార్లు. పోటూ ప్రశాంతతా రెండూ ఒకే సముద్రానివి కాబట్టి నాలుగేసి లైన్లలో మూడ్ మారినా ప్రాస మారదు. హెకెట్ అనే దేవత మంత్రం కూడా ఇక్కడే వస్తుంది, ఆవిడకి చంద్రుడితో సంబంధం, అంటే ఆటుపోట్లతో.

తొమ్మిదో లైన్లో "ఓ యీ" అని కవి ఒక్కసారిగా మనవైపు తిరుగుతాడు, సానెట్‌లో ఆలోచన ఇలా మలుపు తిరిగే చోటునే వోల్టా అంటారు. కళ్లు అలిసినవాళ్లు, రొద విని విని చెవులు దిమ్మెక్కినవాళ్లు రండి అంటున్నాడు (సాయంత్రం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడ్డవాళ్లకి ఈ లైను విడిగా ఎక్స్‌ప్లెయిన్ చెయ్యక్కర్లేదు). ఈ ఆరు లైన్లలో ప్రాస సీడీఈడీఈసీ. తొమ్మిదో లైను చివర ఉన్న "టైర్డ్"కి జోడీ వెంటనే రాదు, సీ-మెలొడీ, రూడ్-బ్రూడ్ అన్నీ అయిపోయాక చిట్టచివర "క్వైర్డ్" అని వస్తుంది. పాత గుహ నోటి దగ్గర కూర్చుని ఆలోచిస్తూ ఉండు, జలకన్యలు పాడినట్టు ఉలిక్కిపడేదాకా అన్నాడు కదా, మన చెవి కూడా టైర్డ్‌ని మర్చిపోయాక గుహలోంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనిలా ఆ జోడీ వినిపిస్తుంది.

రాసేటప్పుడు ఒక్కో పేరాకి ఒక్క చోటు చాలు. ముందు లైను కోట్ చెయ్యండి, తర్వాత నోట్లో ఏం జరుగుతోందో, తర్వాత అదే చోట సముద్రం ఏం చేస్తోందో, టెక్నికల్ పేరు మధ్యలో ఎక్కడ ఇమిడితే అక్కడ. గ్లట్స్, షెల్, క్వైర్డ్, ఈ మూడు చోట్లు తీసుకుంటే మూడు పేరాలు వచ్చేస్తాయి.