విడుదలకు ముందు మన వంతు పరీక్ష – 3వ పాఠం: పక్కింట్లో కరెంటు ఉందా?

గత పాఠంలో ఫెడోరా అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం బీటా (తుది విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే రూపం) ఇమేజిని దించుకొని, ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తేల్చే చెక్‌సమ్ సరిచూసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ఆ ఇంటిపని చేసినవారి దగ్గర ఈపాటికి పాత ల్యాప్‌టాప్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) బీటా నడుస్తూ ఉండాలి. రోజూ వాడుకునే కంప్యూటర్‌లో మాత్రం వేయవద్దని మళ్లీ చెబుతున్నాను. పిల్లల ఫోటోలు, ఆఫీసు ఫైళ్లు ఉన్న డిస్కు ప్రయోగాలకు కాదు.

ఈ పాఠమంతా ఒక్క విషయం మీదే. బగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లోని లోపం, కంటపడ్డాక, ఎక్కడో ఉన్న ఇంకో మనిషి దాన్ని తన కంప్యూటర్‌లో మళ్లీ రప్పించగలిగేలా ఎలా చెప్పాలి?

నా తొలి రిపోర్టులో ఉన్నది ఒకే వాక్యం: తెలుగు సరిగా పడటం లేదు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఏ యాప్‌లో? ఏ కీబోర్డుతో? ఏ ఫాంటు? ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. అప్పటికే ఆ మెషీన్‌ను చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. బగ్ మాత్రం నిజంగానే ఉంది. అడిగిన మనిషి కొన్ని వారాలు ఎదురుచూసి రిపోర్టును మూసేశారు. అప్పటి నుంచి పరీక్షకు కూర్చున్న ప్రతిసారీ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుంటున్నాను. మీరూ పెట్టుకోండి. ఏ కీ నొక్కారో, ఏం జరిగిందో అప్పటికప్పుడు రాయండి. జ్ఞాపకం మీద రాసిన మెట్లలో ఒకటి తప్పకుండా జారిపోతుంది.

ముందు గడువు సంగతి. ఫెడోరా ఏడాదికి రెండుసార్లు, సాధారణంగా ఏప్రిల్, అక్టోబరు ప్రాంతాల్లో వస్తుంది. మొదట బీటా, తర్వాత తుది విడుదల. తుది విడుదలకు సుమారు రెండు వారాల ముందు ఫ్రీజ్ మొదలవుతుంది. ఆ తర్వాత, విడుదలనే ఆపాల్సినంత పెద్ద బగ్‌ల సవరణలు, ప్రత్యేకంగా మినహాయింపు పొందిన సవరణలు తప్ప మరేవీ లోపలికి రావు. విడుదలను ఆపే బగ్‌ను బ్లాకర్ అంటారు. ఏది బ్లాకర్ అవుతుందో ముందే రాసిపెట్టిన ప్రమాణాలు ఉంటాయి. ఫలానా బగ్ బ్లాకర్ అని ఎవరైనా ప్రతిపాదించవచ్చు, మీరు కూడా. చివర్లో గో/నో-గో అనే సమావేశంలో నిర్ణయం తీసుకుంటారు. దీన్ని లాంఛనం అనుకోకండి. 2012 నవంబరులో రావాల్సిన ఫెడోరా 18, ఇన్‌స్టాలర్‌ను కొత్తగా రాసే పని ఒక కొలిక్కి రాక వాయిదాల మీద వాయిదాలు పడి, 2013 జనవరి 15న విడుదలైంది. మన తెలుగు బగ్‌లు బ్లాకర్ స్థాయికి చేరడం అరుదు. అందుకే అవి ఫ్రీజ్‌కు ముందే చేరాలి. బీటా వచ్చిన మొదటి వారమే మనకు అసలైన సమయం.

ఇక పరీక్ష. ఇన్‌స్టాలేషన్ వంటి పనులను ఓపెన్‌క్యూఏ అనే వ్యవస్థ మనిషి చేయి పడకుండానే పరీక్షిస్తుంది. కానీ ఒత్తు ఉండాల్సిన చోటే ఉందా అని చూడటానికి తెలుగు చదివే కళ్లు కావాలి. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేక వరుసలో, అంటే జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని విడదీత గుర్తుతో వచ్చినప్పుడు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అది ఓపెన్ సోర్స్ వ్యవస్థ, అంటే లోపలి కోడ్‌ను ఎవరైనా చూడగల వ్యవస్థ, కాదు, విడుదలకు ముందు బయటివారు లోతుగా తరచి చూసే వీలు అక్కడ తక్కువ. ఫెడోరాలో ఆ వీలు మన చేతుల్లోనే ఉంది.

సెట్టింగ్స్‌లో కీబోర్డు విభాగానికి వెళ్లి, ఇన్‌పుట్ సోర్సెస్ కింద తెలుగును రెండు రకాలుగా చేర్చండి: ఒకటి ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో కీకి ఒక్కో తెలుగు గుర్తు), ఇంకొకటి ఐట్రాన్స్ (ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు పడే పద్ధతి). సూపర్ కీని (విండోస్ గుర్తు ఉండే కీ) స్పేస్‌తో కలిపి నొక్కితే ఒకదాని నుంచి ఇంకొకదానికి మారతాయి. ఇప్పుడు టెక్స్ట్ ఎడిటర్‌లో నాలుగు మాటలు కొట్టండి: స్త్రీ, విజ్ఞానం, లక్ష్మి, సాఫ్ట్‌వేర్. నాలుగో మాట మీద కాస్త ఆగండి. టకారపు పొల్లు తర్వాత ఆ విడదీత గుర్తు పడకపోతే వకారం ఒత్తుగా మారి కిందికి దిగుతుంది, సాఫ్ట్వేర్ అవుతుంది. స్త్రీ మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. వెనక్కి చెరుపుతూ ఎన్ని నొక్కులకు మాయమైందో లెక్కపెట్టండి. అదే పని ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో చేయండి. లెక్కలు తేడాగా ఉంటే రాసుకోండి.

ఊహకు ఒక బగ్ తీసుకుందాం. ఫైల్స్ యాప్‌లో కొత్త ఫోల్డరుకు రామయ్య అని ఐట్రాన్స్‌తో పేరు కొడుతున్నారు. చివరి య్య కింద గీత కనిపిస్తూ ఉంది, అంటే ఆ అక్షరం ఇంకా ఖరారు కాలేదు. అంతలో మౌస్‌తో పక్కన క్లిక్ చేశారు. ఫోల్డరు పేరు రామ అని పడింది. చటుక్కున రిపోర్టు రాయబుద్ధవుతుంది. ఆగండి.

ఇంట్లో కరెంటు పోతే ముందు పక్కింట్లో ఉందా అని చూస్తాం కదా? ఉంటే మన ఫ్యూజు చూస్తాం. అదీ బాగుంటే బల్బు చూస్తాం. ఇక్కడా అంతే. పక్కిల్లు అంటే ఇంకో యాప్: టెక్స్ట్ ఎడిటర్‌లోనూ య్య పోతోందా? ఫ్యూజు అంటే కీబోర్డు పద్ధతి: ఇన్‌స్క్రిప్ట్‌తోనూ పోతోందా? తర్వాత, క్లిక్‌కు బదులు ఎంటర్ నొక్కితే? పాత విడుదలలోనూ ఇలాగే ఉందా? ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే దేని వల్ల తేడా వచ్చిందో తేలదు. ఈ వెతుకులాటకు గంట పట్టినా చింత లేదు. డెవలపర్‌కు తెలుగు రాకపోవచ్చు, ఆ గంట పని ఆయన చేయలేరు.

అదే బగ్‌ను ఎవరైనా ముందే రాశారేమో బగ్ రిపోర్టులు నమోదయ్యే సైటు బగ్‌జిల్లాలో వెతకండి. ఉంటే కొత్తది తెరవకుండా దాని కిందే మీ వివరాలు చేర్చండి. లేకపోతే రాయండి. భాష ఇంగ్లిష్ అయినా చిన్న వాక్యాలు చాలు, వ్యాకరణం గురించి బెంగ వద్దు. శీర్షికలో ఫిర్యాదు కాదు, జరిగినది ఉండాలి: ఐట్రాన్స్‌తో ఫోల్డరు పేరు కొడుతూ పక్కన క్లిక్ చేస్తే చివరి అక్షరం పోతోంది. కింద వరుసగా మెట్లు, ఏం జరగాలి, ఏం జరిగింది, పది ప్రయత్నాల్లో ఎన్నిసార్లు జరిగింది, ప్యాకేజీ వెర్షన్లు. తెలుగు మాటను టెక్స్టుగా ఒకసారి, స్క్రీన్‌షాట్‌గా ఒకసారి ఇవ్వండి. చదివేవారి తెరపై ఆ అక్షరాలు ఇంకోలా కనిపించవచ్చు. సిస్టం లాగ్ (కంప్యూటర్ తనలో జరిగినవన్నీ రాసుకునే ఫైలు) జతచేసే ముందు ఒకసారి చదవండి. అందులో మీ యూజర్ పేరు, ఇంటి వైఫై పేరు ఉండవచ్చు.

బగ్ దొరకకపోయినా పరీక్ష వృథా కాదు. ఫెడోరా వికీలోని పరీక్షల పట్టికలో ఫలానా పరీక్ష నెగ్గిందని నమోదు చేస్తే ఒక ఖాళీ గడి నిండుతుంది. కొత్త అప్‌డేట్లపై అభిప్రాయం చెప్పే చోటు పేరు బోధి, అక్కడ వేసే ఓటు పేరు కర్మ. బాగుంటే ఒకటి కలుపుతారు, చెడితే ఒకటి తీస్తారు. మనకు ఇంత దగ్గరి మాటలు అక్కడ ఎదురైనప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

ఇంటిపని: పై నాలుగు మాటలను మూడు యాప్‌లలో, రెండు కీబోర్డు పద్ధతుల్లో పరీక్షించండి. మొత్తం ఇరవై నాలుగు ఫలితాలు నోటుపుస్తకంలో పట్టికగా రాయండి. తేడా ఉన్న ఒక్క గడిని ఎంచుకొని మెట్లు రాసి, ఇంట్లో ఇంకొకరికి ఆ కాగితం ఇచ్చి, మీరు నోరు మెదపకుండా వారితో చేయించండి. వారు తడబడిన మెట్టును తిరగరాయండి.

సరిచేశామని కబురు వచ్చాక అదే బగ్‌ను మళ్లీ ఎలా పరీక్షించాలో 4వ పాఠంలో చూద్దాం. అప్పటిదాకా ఆ మెషీన్‌ను చెరపకండి.