వానలకు ముందే స్పోర్ట్స్ కారు అలాయ్ చక్రాలు: విశాఖ ఉప్పుగాలిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

విశాఖపట్నానికి జూన్‌లో నైరుతి వానలు వస్తాయి, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది. తీరంలో తిరిగే కారు చక్రాలకు ఈ ఆరు నెలల్లో తెరిపి దొరకదు కనుక, అలాయ్ చక్రాలు, అంటే అల్యూమినియం మిశ్రమ లోహపు చక్రాలు, మార్చాలన్నా, ఉన్నవాటికి కొత్త పూత వేయించాలన్నా వేసవి ముగిసేలోగా పని పూర్తి చేసుకోవాలి. గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత కంటే లోహం కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉన్నప్పుడే పూత వేయాలన్నది ఈ పనిలో స్థిరపడిన నియమం. సముద్రపు తేమ ముసురుకునే తెల్లవారుజామున, ఆరుబయట షెడ్డులో పూత వేయిస్తే ఈ నియమాన్ని పాటించడం కష్టం.

అల్యూమినియం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు కనుక చాలామంది నిశ్చింతగా ఉంటారు. అయితే రాయి తగిలి క్లియర్ కోటు (రంగులేని పైపూత) చిట్లిన చోట ఉప్పుతేమ లోపలికి చేరి, పూత కిందనే దారపు పోగుల్లాంటి తెల్లని చారలుగా పాకుతూ పోతుంది. ముఖభాగాన్ని లేత్‌పై మెరిసేలా కోసి, పైన క్లియర్ కోటు మాత్రమే వేసే చక్రాలలో ఈ నష్టం మరింత త్వరగా కనబడుతుంది. ఒకసారి నా చక్రాలకు చారలున్న చోట మాత్రమే రుద్ది పైపూత వేయించుకున్నాను. ఆ సంవత్సరం వానలు వెనుకబట్టకముందే అవే చారలు మరింత వెడల్పుగా బయటపడ్డాయి. పాత పూతను పూర్తిగా తొలగించి, ఉప్పు అవశేషాలు పోయేలా మంచినీటితో కడిగి, ఆరబెట్టి, ఆలస్యం లేకుండా ప్రైమరు వేయించడమే సరైన మార్గమని అప్పుడు తెలిసింది. లేత్‌పై కోయించినప్పుడల్లా కొంత లోహం పోతుంది కాబట్టి ఆ పనిని పదే పదే చేయించరాదు.

వేడి విషయంలో మరింత పట్టుదలగా ఉండాలి. పోత అలాయ్ చక్రాలలో ఎక్కువ భాగం ఏ356 అనే మిశ్రమంతో తయారవుతాయి, వాటికి బలం టి6 అనే ఉష్ణచికిత్స వల్ల వస్తుంది. పౌడర్ కోటింగ్ (పొడిని చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) సాధారణంగా 180 నుండి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య గట్టిపడుతుంది. అంతకు మించిన వేడిలో ఎక్కువసేపు ఉంచినా, పాత పెయింటును గ్యాసు మంటతో కాల్చినా ఆ చికిత్స ఫలితం చెడి లోహం మెత్తబడుతుంది, కంటికి మాత్రం ఏ తేడా కనబడదు. అందువల్ల ఓవెన్‌లో ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఉందో లేదో అడిగి, స్వయంగా చూసిన తరువాతే చక్రాలు అప్పగించాలి. పగులుకు వెల్డింగ్ చేసిన చక్రాన్ని, మంటతో వేడిచేసి వంపు తీసిన చక్రాన్ని గంటకు 250 కిలోమీటర్లు అందుకోగల కారుకు బిగించకూడదు. ఇంటి దగ్గర గట్టిపడే ద్రవం కలిపిన క్లియర్ కోటు స్ప్రే చేసుకోదలచినవారు అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయని, గుడ్డ మాస్కు వాటిని ఆపదని గుర్తుంచుకోవాలి.

పూతకు ముందు, హబ్‌ను (చక్రం బిగించే కారు భాగాన్ని) తాకే వెనుక ముఖాన్ని, బోల్టు కూర్చునే గుంటలను తప్పనిసరిగా కప్పించాలి. ఆ చోట్ల మందపాటి పూత ఉంటే, ప్రయాణంలో అది నలిగి పలుచబడి, సరిగా బిగించిన బోల్టు కూడా పట్టు కోల్పోతుంది. చాలామంది రంగు నునుపును వేలితో తడిమి చూస్తారు గాని, ప్రాణానికి సంబంధించిన ఈ ముఖాలను తిప్పి చూడరు.

వేరే చక్రాలు కొనేవారు వ్యాసం, వెడల్పులతో ఆగిపోకూడదు. పోర్షే 911కు 130 మిల్లీమీటర్ల వృత్తంపై ఐదు బోల్టులుంటాయి, చక్రం మధ్యలో హబ్ దూరే రంధ్రం 71.6 మిల్లీమీటర్లు. ఫోర్డ్ మస్టాంగ్‌కు ఆ వృత్తం 114.3. బీఎండబ్ల్యూ పాత నమూనాలలో 120, కొత్తవాటిలో 112 ఉంటుంది. ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్యగీత నుండి హబ్‌కు ఆనే ముఖం ఉన్న దూరం) తేడా ఉంటే చక్రం సస్పెన్షన్‌కో, ఫెండరుకో రాసుకుంటుంది. గుండ్రని తల బోల్టు కూర్చోవలసిన గుంటలో శంకువు ఆకారపు బోల్టు సరిగా కూర్చోదు. వెనుక చక్రాలు వెడల్పుగా ఉండే కార్లలో ముందువి వెనక్కి మార్చడం కుదరదు. టైరుపై వేగ సూచిక, భార సూచిక కారు కంపెనీ చెప్పినదానికి తగ్గరాదు. మార్పును బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.

కొండవాలు వీధులు ఎక్కువగా ఉన్న ఊరు కాబట్టి, జాకీ పెట్టడానికి ముందు సమతలమైన సిమెంటు నేలను వెతుక్కోవాలి. కంపెనీ చూపిన చోటనే జాకీ ఆనించి, స్టాండ్లు పెట్టిన తరువాతే చక్రం విప్పాలి. సెరామిక్ బ్రేకు డిస్కులున్న కార్లలో చక్రం జారి డిస్కు అంచుకు తగిలితే అది పెచ్చు లేచిపోతుంది. అందుకే పై రంధ్రంలో గైడు పిన్ను బిగించి, దాని ఆధారంగా చక్రాన్ని బయటకు తీయాలి. టైరు ఒత్తిడి సెన్సార్ల అల్యూమినియం కాడలో సాధారణ ఇత్తడి వాల్వు పిన్నును ఎక్కించకూడదు, ఉప్పుతేమలో రెండు లోహాలూ అతుక్కుపోయి, తిప్పబోతే కాడ విరుగుతుంది. నికెల్ పూసిన పిన్నులనే అడగాలి.

చివరి బిగింపు ఎయిర్ గన్‌తో కాక టార్క్ రెంచ్‌తో (తిప్పే బలాన్ని కొలిచి చూపే రెంచ్‌తో), నక్షత్రం ఆకారపు వరుసలో జరగాలి. ఇప్పటి 911లో ఐదు బోల్టులకు 160 న్యూటన్ మీటర్లు. ఒకే పెద్ద నట్టుతో బిగించే సెంటర్ లాక్ చక్రాలకు 600 కావాలి, అది ఇంటి పని కాదు. మాన్యువల్ చెప్పనిదే మరలకు గ్రీజు పూయరాదు, ఎందుకంటే అదే టార్క్‌కు బోల్టు మితిమీరి సాగుతుంది. బ్యాలెన్సింగ్‌ను బిగించకముందే చూపించుకోవాలి, బిగించిన తరువాత మొదటి 50 నుండి 100 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. భీమిలి దాకా ఒకటి రెండుసార్లు వెళ్లివచ్చి, చక్రాలు పూర్తిగా చల్లారాక ప్రతి బోల్టునూ అదే కొలతకు మళ్లీ సరిచూడాలి. తీరం వెంట తిరిగి వచ్చిన రోజున ఆమ్లం కలిసిన క్లీనర్ జోలికి పోకుండా, మంచినీటితో చక్రాల లోపలి వైపు కూడా కడగాలి.