లేచారా, ప్లేటు ఖాళీ చెయ్యండి: రివాల్వర్ మ్యాచ్‌ల ముందు రీలోడింగ్ జాగ్రత్తలు

పోయిన నెల మా రేంజ్‌లో ఒక రివాల్వర్ పేలింది. తూటా కాదు, తుపాకీయే పేలింది. నేను పక్క బేలో స్కోరు రాస్తున్నాను. ఆ శబ్దం వేరేగా ఉండటంతో అందరం ఒక్కసారే తలలు తిప్పాం. కాలుస్తున్నాయన ఇంకా రెండు చేతులతో దాన్ని పట్టుకునే నిలబడ్డారు. నుదుటి మీంచి రక్తం కారుతోంది. కళ్ళద్దాల కుడి అద్దం మీద లోతైన గీత పడింది. ఆ అద్దం లేకపోతే కన్ను పోయేది.

తర్వాత తుపాకీని బల్ల మీద పెట్టి చూశాం. తూటాలు పట్టే సిలిండర్ పైభాగంలో మూడు గదులకి కప్పు లేదు. మధ్య గదిలో మిగిలిన ఇత్తడి కాగితంలా పలచబడి గోడకి అంటుకుపోయింది. సిలిండర్ మీద ఉండే ఉక్కు పట్టీ విల్లులా పైకి వంగింది. అదే డబ్బాలో మిగిలిన అరవై చిల్లర తూటాలు సాయంత్రం విప్పి, పౌడర్ తూచాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాంట్లో అసలు పౌడరే లేదు.

ఆయన కొత్తవాడు కాదు. ఇరవై ఏళ్ళుగా సొంత తూటాలు నింపుకుంటున్న మనిషి. ఏం జరిగిందని అడిగితే, "ఆ రాత్రి రెండుసార్లు లేచాను, ఫోన్ వచ్చింది" అన్నారు. అలా లేచినప్పుడే ఒక తూటాలో పౌడర్ రెండుసార్లు పడుతుంది, ఇంకోటి ఖాళీగా పోతుంది.

మార్చి వస్తోంది, మ్యాచ్‌లు మొదలవుతాయి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఈమధ్య చాలామంది ఐకోర్, స్టీల్ ఛాలెంజ్, యూఎస్‌పీఎస్‌ఏ రివాల్వర్ పోటీలకి వస్తున్నారు. ఖర్చు తగ్గుతుందనీ, చేతికి దెబ్బ తక్కువ ఉంటుందనీ రీలోడింగ్ (కాల్చిన ఇత్తడి గొట్టాల్ని మళ్ళీ నింపి తూటాలు చేసుకోవడం) మొదలుపెడుతున్నారు. వాళ్ళ కోసమే ఇది. కళ్ళకి అద్దాలు, చెవులకి మఫ్స్, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం, ఇవి రేంజ్‌లో మొదటి రోజే నేర్పుతారు కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. హెచ్‌-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకి ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, తూటాలు దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా తూటాలు నింపే ప్రెస్ లాగే ముందు లాయర్‌ని అడగండి.

రెట్టింపు పౌడర్ ఎందుకు కనిపించదు

మనలో ఎక్కువమంది వాడేది .38 స్పెషల్ కేస్, అంటే తూటా ఇత్తడి గొట్టం. అది 1890ల చివర్లో పాతకాలపు నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) కోసం చేసిన కేస్. బ్లాక్ పౌడర్ ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి గొట్టం అంత పొడుగు. ఇప్పుడు మనం దాంట్లో పోసేది టైట్‌గ్రూప్, బుల్స్‌ఐ లాంటి త్వరగా మండే పౌడర్, అదీ మూడు గ్రెయిన్ల చిల్లర. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాముల లోపే. కేస్ అడుగున కాస్త బూడిద రంగు కనిపిస్తుంది, అంతే. అందులో ఇంకోసారి పోసినా పొంగదు, ఒలకదు. బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది. తూటా బయటి నుంచి చూడటానికి ముద్దుగా ఉంటుంది.

"నాది .357 మ్యాగ్నమ్ తుపాకీ, తట్టుకుంటుంది" అనే మాట చాలాసార్లు విన్నాను. .38 స్పెషల్‌కి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 17,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357కి 35,000. అంటే రెండింతలకి సరిపోతుందని లెక్క వేస్తారు. పౌడర్ రెండింతలైతే ఒత్తిడి రెండింతలతో ఆగదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. ఆ రోజు బల్ల మీద ముక్కలైనది కూడా మ్యాగ్నమ్ తుపాకీయే.

తయారైన తూటాని తూచి కనిపెట్టొచ్చనుకుంటారు. కుదరదు. ఒక కంపెనీ ఇత్తడికీ ఇంకో కంపెనీ ఇత్తడికీ బరువులో తేడా కొన్ని గ్రెయిన్లు ఉంటుంది, బుల్లెట్ల మధ్య ఇంకొంచెం. మూడు గ్రెయిన్ల తప్పు ఆ తేడాలో దాక్కుంటుంది. బుల్లెట్ కూర్చోకముందు కంటితో చూడటం ఒక్కటే దారి.

లేవడం, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టడం

నేను చూసిన పెద్ద ప్రమాదాలు మూడు. మూడింటికీ మూలం ఇదే. తెలియక ఎక్కువ పౌడర్ పోసినవాళ్ళు కాదు వీళ్ళు. పుస్తకం చూసి, త్రాసు సరిచూసుకుని, శ్రద్ధగా కూర్చున్నవాళ్ళే. మధ్యలో లేచారు.

కేస్‌లు నిలబెట్టే ప్లేటుని చేత్తో తిప్పే ప్రెస్‌లో (మన దగ్గర ఎక్కువమందికి ఉన్నది డిలన్ 550) హ్యాండిల్ లాగితే పౌడర్ పడుతుంది. ప్లేటు తిప్పితే ఆ కేస్ ముందుకి పోతుంది. లాగారు, ఈలోపు ఫోన్ మోగింది. తిరిగొచ్చి కూర్చున్నారు. తిప్పానా, లేదా? తిప్పలేదు అయి ఉండి మళ్ళీ లాగితే రెట్టింపు. లాగలేదు అయి ఉండి తిప్పితే ఖాళీ. ఒకే తప్పు, రెండు తూటాలు, రెండూ ప్రమాదమే. దానంతటదే తిరిగే ప్రెస్ కొంత నయం. కానీ ఏదైనా ఇరుక్కుని సగంలో హ్యాండిల్ వెనక్కి లాగితే దాంట్లోనూ ఇదే కథ.

మన ఇళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. చలికాలంలో టెక్సస్‌లో రాత్రి తొమ్మిదికి, పిల్లలు పడుకున్నాక ప్రెస్ ముందు కూర్చుంటాం. అప్పుడు ఊళ్ళో ఉదయం ఎనిమిదిన్నర. అమ్మ కాఫీ తాగి వాట్సాప్ కాల్ చేసే టైమ్ అది. తియ్యకపోతే ఆవిడ కంగారు పడుతుంది. తీస్తే మీ చెయ్యి హ్యాండిల్ మీద ఉండగానే బుర్ర రాజమండ్రిలో ఉంటుంది. ముందే చెప్పండి: "అమ్మా, పదిన్నరకి నేనే చేస్తా." ఫోన్ పక్క గదిలో పెట్టండి.

అయినా లేవాల్సి వస్తుంది. పాప ఏడుస్తుంది, తలుపు కొడతారు, ప్రైమర్ (కేస్ అడుగున పెట్టే, పౌడర్‌ని అంటించే చిన్న టోపీ) అడ్డం పడుతుంది. లేవండి, తప్పు లేదు. కానీ తిరిగొచ్చాక ప్లేటు మీద ఉన్న కేస్‌లన్నీ తీసెయ్యండి. ఎన్ని ఉంటే అన్నీ. పౌడర్ ఉందేమో అని తొంగి చూసి మళ్ళీ పెట్టొద్దు. తీసి, లోపలి పౌడర్ వంపేసి, పక్కన పెట్టి, ఖాళీ ప్లేటుతో మొదలుపెట్టండి. పోయేది నాలుగు కేస్‌లు, అరనిమిషం. లేచారా, ప్లేటు ఖాళీ.

ప్రతి కేస్‌లో బుల్లెట్ పెట్టే ముందు లోపలికి చూడండి. ప్రెస్ మీద చిన్న ఎల్‌ఈడీ దీపం బిగించుకోండి, నిలబడి చూస్తే అడుగు కనిపించేలా. చూడటం చేతికి అలవాటు కావాలి. చూడలేదని అనుమానం వస్తే చూడలేదనే లెక్క.

ట్యూనింగ్‌కీ దీనికీ ఉన్న సంబంధం

ఖాళీ తూటా సంగతి చెప్తాను. పౌడర్ లేకపోయినా ప్రైమర్ బలం చాలు, బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి నెట్టి అక్కడ ఇరికించడానికి. దాన్నే స్క్వీబ్ అంటారు. పిస్టల్‌లో అయితే సాధారణంగా స్లైడ్ వెనక్కి పోదు కాబట్టి మనిషి ఆగక తప్పదు. రివాల్వర్‌కి ఆ అడ్డు లేదు. ట్రిగ్గర్ లాగితే చాలు, తర్వాతి గది వచ్చి నిలబడుతుంది. మూసుకుపోయిన బ్యారెల్‌లోకి రెండో తూటా పేలుతుంది. రివాల్వర్ వేగానికి పేరుపడ్డ షూటర్ జెర్రీ మిక్యులెక్ 1999లో ఆరు కాల్చి, నింపి, మళ్ళీ ఆరు కాల్చింది 2.99 సెకన్లలో. మనం ఆయనంత కాకపోయినా రెండు తూటాల మధ్య ఆలోచించే టైమ్ ఉండదు.

ఇప్పుడు ట్యూనింగ్ దగ్గరికి రండి. ట్రిగ్గర్ తేలిక కావాలని హ్యామర్ స్ప్రింగ్ బలం తగ్గిస్తాం. తగ్గించినకొద్దీ హ్యామర్ దెబ్బ బలహీనం. ప్రైమర్ పేలక 'క్లిక్' మంటుంది. మ్యాచ్‌లో క్లిక్ వస్తే మళ్ళీ లాగేస్తాం, అది అలవాటైపోతుంది. ఆ అలవాటైన వేలు 'టప్' మని నీరసమైన శబ్దం వచ్చినప్పుడు కూడా ఆగదు. ట్రిగ్గర్ బాగా తేలిక చేసి, క్లిక్‌లతో సర్దుకుపోయే తుపాకీని నేను అసలు ఒప్పుకోను. నూటికి నూరు పేలేదాకా స్ప్రింగ్ బలం పెంచండి. ఫెడరల్ కంపెనీ ప్రైమర్ మెత్తన, దానికి ట్యూన్ చేసిన తుపాకీలో సీసీఐ కంపెనీ ప్రైమర్ వేసి మ్యాచ్‌కి రావద్దు. ప్రైమర్ కేస్ అడుగుకి ఒక వెంట్రుకవాసి లోపలికి కూర్చోవాలి, వేలితో తడిమి చూడండి. పైకి ఉంటే మొదటి దెబ్బ దాన్ని లోపలికి తొయ్యడానికే సరిపోతుంది, సిలిండర్ కూడా రాసుకుంటుంది.

స్మిత్ అండ్ వెస్సన్‌లో పిడి ముందువైపు ఉండే చిన్న స్క్రూ వదులు చేసి "ట్యూనింగ్ అయిపోయింది" అనేవాళ్ళున్నారు. కాల్చేకొద్దీ అది ఇంకా వదులవుతుంది. ఆ స్క్రూ ఎప్పుడూ పూర్తిగా బిగించే ఉండాలి. తేలిక కావాలంటే స్ప్రింగ్ మార్చండి. హ్యామర్‌ని ఎక్కుపెట్టి నిలిపే గాటుని మీరు రాయి పెట్టి అరగదియ్యొద్దు, పైన గట్టిపరిచిన పొర పలచన. పని చేయించాక, తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, హ్యామర్ ఎక్కుపెట్టి బొటనవేలితో ముందుకి గట్టిగా నొక్కండి. జారిందా, ఆ తుపాకీ రేంజ్‌కి రాకూడదు. తుపాకీ కింద పడ్డా పేలకుండా ఆపే లోపలి హ్యామర్ బ్లాక్ తీసెయ్యొద్దు. ట్రిగ్గర్ నిదానంగా లాగినప్పుడు హ్యామర్ పడకముందే సిలిండర్ టక్కున బిగుసుకోవాలి. లేకపోతే సీసం చెక్కుకుపోయి పక్కవాళ్ళ మొహాన పడుతుంది.

ఇక మిగతావి

బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బాయే ఉండాలి. రెండోది బీరువాలో.

ప్రెస్ మీది పౌడర్ గొట్టం (హాపర్)లో మిగిలిన పౌడర్ ఆ రాత్రే దాని డబ్బాలోకి పొయ్యండి. ఏ పౌడరో అనుమానముంటే డబ్బాలో కలపొద్దు, పారెయ్యండి.

లోడ్ వివరాలు పౌడర్ కంపెనీ పుస్తకం నుంచే తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన అంకె పట్టుకుని పొయ్యొద్దు. కింది అంకెతో మొదలుపెట్టండి.

యూఎస్‌పీఎస్‌ఏలో పవర్ ఫ్యాక్టర్ (బుల్లెట్ బరువుని వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె) 125 దాటాలని మ్యాచ్ ముందురోజు పౌడర్ పెంచొద్దు. 158 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 800 అడుగులు పోతే 126.4, అంత అంచున ఉంటే నెల ముందే బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి సరిచెయ్యండి.

మ్యాచ్ ముందు రాత్రి అసలు లోడ్ చెయ్యొద్దు. టెన్షన్‌లో, నిద్రమత్తులో చూసేది చూసినట్టు కాదు.

బీరు తాగి కూర్చోవద్దు. టీవీ పెట్టొద్దు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళని రానివ్వొద్దు.

ఒకరి తూటాలు ఒకరు కాల్చొద్దు. ఇవ్వొద్దు, తీసుకోవద్దు.

ప్రైమర్లు కంపెనీ డబ్బాలోనే ఉంచండి, సీసాలో పొయ్యొద్దు. గుట్టగా ఉంటే ఒకటి పేలితే అన్నీ పేలతాయి.

భోజనాల బల్ల మీద వద్దు. వంటింట్లో వద్దు. కేస్‌లు శుభ్రం చెయ్యడానికి దొర్లించే పొడి మెషిన్ ఇంట్లో తిప్పొద్దు, ఆ దుమ్ములో ప్రైమర్ సీసం ఉంటుంది. రేంజ్ నుంచి వచ్చాక చల్లటి నీళ్ళతో, సబ్బుతో చేతులు కడిగి, చొక్కా మార్చి, అప్పుడే పిల్లల్ని ఎత్తుకోండి.

ప్రాక్టీసులో క్లిక్ అంటే ముప్ఫై సెకన్లు తుపాకీ మూతి టార్గెట్ వైపే. ఆలస్యంగా పేలే తూటా ఉంటుంది.

శబ్దం తగ్గినా, చేతికి దెబ్బ తగ్గినా, టార్గెట్ మీద చిల్లు కనిపించకపోయినా ఆగండి. టైమర్ పోనివ్వండి. స్టేజ్ పోనివ్వండి. ఆర్‌ఓని (రేంజ్ ఆఫీసర్‌ని) పిలవండి. సిలిండర్ తెరుచుకోకపోతే బలవంతం చెయ్యొద్దు, బుల్లెట్ సగం సిలిండర్‌లో, సగం బ్యారెల్‌లో ఉండి ఉంటుంది. తెరుచుకుంటే అన్నీ దించి, ఇత్తడి కడ్డీతో నెట్టించండి. ఇంకో తూటాతో దాన్ని బయటికి తొయ్యాలని ఎప్పుడూ చూడొద్దు.

రేంజ్‌లో పక్కవాడి తుపాకీ అలా 'టప్' మన్నా మీరే "స్టాప్" అని అరవండి. మర్యాద చూసుకోవద్దు.

ఆ డబ్బాలో ఒక స్క్వీబ్ దొరికితే డబ్బా మొత్తం పక్కన పెట్టండి. మిగతావి కాల్చి చూద్దామనుకోవద్దు. అన్నీ విప్పండి, ఒక్కొక్కటి. ఆ రోజు మేము విప్పినట్టు.

ఇప్పటికే నింపి పెట్టుకున్న డబ్బాలున్నాయా? వాటిని నింపిన రాత్రి మధ్యలో లేచారేమో గుర్తు తెచ్చుకోండి. లేచారా, అవీ విప్పండి. ఇకమీదట డబ్బా మీద తేదీ, పౌడర్ పేరు, ఎన్ని గ్రెయిన్లు, ఎన్నిసార్లు లేచారో కూడా రాసి పెట్టుకోండి. నా డబ్బాల మీద ఆ నాలుగో గడిలో సున్నా లేకపోతే వాటిని మ్యాచ్‌కి తీసుకెళ్ళను.