దసరాకు తుపాకీ కిందికి దించేముందు

మా ఇంట్లో ఆయుధపూజ నాడు కొడవళ్లు, పారలు, ట్రాక్టర్ తాళాల వరసలో జేజినాయన రైఫిల్ కూడా ఉంటుంది. .315 బోరు, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. ఏడాదిలో అది బీరువా దాటి బయటికొచ్చేది ఆ ఒక్క పూటే. ఇంట్లో చంటిపిల్లలు, నూనె దీపాలు, ఫొటోలు తీసే మేనల్లుళ్లు, అందరూ ఉండేదీ ఆ పూటే. బద్వేలు, సిద్ధవటం పక్క పాత ఇళ్లలో ఇంకా ఇట్లాంటివి ఉన్నాయి కాబట్టి రాస్తున్నా.

మొదట చూడాల్సింది అందులో తూటా ఉందా అని. "పదేళ్లుగా పేల్చలేదు, ఖాళీనే" అనే మాట నమ్మొద్దు. మా చిన్నాయన ఇంట్లో మందు దట్టించే నాటు తుపాకీ ఉండేది. ఆయన కూడా అదే మాట అనుకుని తుడవబోయాడు. గోడకు పడిన బొక్క ఇప్పటికీ ఉంది, దాని మీద క్యాలెండర్ తగిలించారు. ఆ తుపాకీ మందు తడి తగలకుంటే ఎన్ని దశాబ్దాలైనా చావదు.

రైఫిల్ అయితే గొట్టాన్ని మనుషులు లేని వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, మ్యాగజీన్ (తూటాల పెట్టె) ఊడదీయండి. తర్వాత బోల్టు, అంటే గొట్టం వెనకుండే కడ్డీ, వెనక్కి లాగి, తూటా కూర్చునే గుంటలోకి టార్చి వేసి చూడండి, వేలు పెట్టి తడమండి. కంటికి కనబడనిది వేలికి తగులుతుంది. వెనక నుంచి తెరుచుకోని నాటు తుపాకీకి ఇది కుదరదు. దానికి సన్న కర్రపుల్ల కావాలి. పక్కన నిలబడి, పుల్లను మెల్లగా గొట్టంలోకి దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టుకోవాలి. అదే పుల్లను, గుర్తు మూతి దగ్గరే ఉండేట్టు, బయట గొట్టం పక్కన ఆనించి చూస్తే, దాని కొన దాదాపు గొట్టం వెనక చివరి దాకా రావాలి. అంతకన్నా ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. దాన్ని పొడిచి తీయాలని, వేడి చేయాలని చూడొద్దు. లైసెన్సున్న తుపాకీ రిపేరువాడి పని అది. ఊర్లో కమ్మరికి కూడా ఇవ్వొద్దు, ఎంత పనిమంతుడైనా సరే.

పూజ దగ్గర కొన్ని ఉన్నాయి. తుపాకీ మీద పసుపునీళ్లు చల్లితే తుప్పు పడుతుంది, బొట్టు కర్రపిడికి పెడితే చాలు. బోల్టు ఊడదీసి వేరే తాళంలో పెట్టాకే రైఫిల్‌ను పీట మీద పెట్టండి. తూటాల డబ్బా పూజలో పెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది, నేనే మాన్పించా. పచ్చతుప్పు పట్టిన పాత తూటాలను పేల్చి చూడొద్దు, బావిలో పడేయొద్దు. లైసెన్సున్న తుపాకీల డీలరుకో పోలీస్ స్టేషన్లోనో అప్పగించండి. ఇక గాల్లో కాల్చే సరదా ఉన్న బంధువు ప్రతి ఇంట్లో ఒకడు ఉంటాడు. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత సంబరాల్లో ఎదుటివాళ్ల ప్రాణం మీదికి వచ్చేట్టు కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ బంధువుకు ఈ అంకెలు ముందే వినిపించండి.

అసలు టెన్షన్ కాగితాలది. లైసెన్సు నాయన పేరు మీద ఉంటే తుపాకీ నాయనది, ఇంటిది కాదు. ఆయన పోయిన మర్నాటి నుంచి అది మన బీరువాలో ఉంటే లైసెన్సు లేని ఆయుధమే. దానికి శిక్ష రెండేళ్లకు తక్కువ కాకుండా అయిదేళ్ల దాకా. కర్మకాండల హడావుడిలో ఇది ఎవరికీ గుర్తుండదు. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. రసీదులో తయారీ, నంబరు, తూటాల లెక్క, ఇప్పుడున్న స్థితి రాయించుకోండి. ఇచ్చే ముందు గొట్టానికి లోపలా బయటా గన్ ఆయిల్ పట్టించండి. కొబ్బరినూనె పూస్తే కొన్నాళ్లకు జిగురై కూర్చుంటుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు డిపాజిట్ చేసేవాళ్లకూ ఇదే జాగ్రత్త. మాది ఒకసారి మూడు నెలలు స్టేషన్ గదిలో ఉండి ఎర్రగా తిరిగొచ్చింది.

పెద్దాయన బతికుండగానే లైసెన్సు మార్పించుకునే దారి ఉందని చాలామందికి తెలియదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గరున్నా, తాను కోరిన వారసుడి పేరు మీద లైసెన్సు ఇవ్వమని అడగొచ్చు. వారసుడికి 21 ఏళ్లు నిండి ఉండాలి, పోలీసు విచారణలో తేడా రాకూడదు. డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ వాడకంలో శిక్షణ సర్టిఫికెట్ కావాలి. మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న కాగితం కూడా అడుగుతారు. ఒకరి పేరు మీద రెండు తుపాకుల కంటే ఎక్కువ ఉండకూడదు, వారసత్వంగా వచ్చేదైనా సరే. లైసెన్సు చేతికొచ్చేదాకా కొడుకు ఒక్కడే తుపాకీ పట్టుకుని తిరగకూడదు. రిపేరుకో రెన్యువల్‌కో తీసుకుపోవాలంటే నాయన పక్కనుండాలి, లేదా ఆయన రాసిచ్చిన కాగితం జేబులో ఉండాలి.

లైసెన్సు చేతికొచ్చాక కొత్తవాళ్లకు ఇంకో ఆశ పుడుతుంది. చెనిక్కాయ చేలో అడవిపందులు పడ్డాయి, ఇంట్లో రైఫిల్ ఉంది కదా అని. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత జేజినాయన కాలపు వేట లేదు. పంట రక్షణకని ఇచ్చిన లైసెన్సు కూడా జంతువును చంపడానికి అనుమతి కాదు. అది అటవీశాఖ నుంచి వేరుగా రావాలి.

రైఫిల్ ఉన్న ఇంటి గోడ మీద జింక కొమ్ములుంటే వాటి సంగతీ చూడండి. పెద్దాయన వాటికి యాజమాన్య సర్టిఫికెట్ తీసుకున్నారా అని ఇప్పుడే అడగండి. ఆయన తర్వాత మీకు వస్తే 90 రోజుల్లోపు అటవీశాఖకు తెలియజేయాలి.

మా నాయనకు ఈ ఏడు 71. అక్క, తమ్ముడు పండక్కి వస్తున్నారు. అభ్యంతరం లేదనే కాగితం రాసి, పూజ సామాన్ల సంచిలోనే పెట్టా.