కండర కణితి ఆపరేషన్ తర్వాత పిల్లల తుంటిని ఇంట్లో గమనించడం ఎలా?

పిరుదులోనో తొడ మొదట్లోనో వచ్చిన రాబ్డోమయోసార్కోమా (కండరంలో పుట్టే ఒక రకం క్యాన్సర్) వంటి కణితిని తీసేటప్పుడు చుట్టూ ఉన్న మంచి కండరం కూడా కొంత పోతుంది. కణితి తిరగబెడుతుందేమోనన్న భయంతో స్కానింగులకు తేదీ తప్పకుండా తిరిగే తల్లిదండ్రులు తుంటి సంగతి మరిచిపోవడం సహజమే. అయితే కాలిని పక్కకు ఎత్తే కండరం తగ్గి, లోపలికి లాగే కండరం మాత్రం పూర్తి బలంతో మిగిలినప్పుడు, తొడ నెమ్మదిగా లోపలికి ముడుచుకుని, కొన్నేళ్లకు తొడ ఎముక తల తాను కూర్చునే తుంటి గిన్నెలోంచి పక్కకు జరిగే ప్రమాదం ఉంది. అందుకే ఎదుగుదల ఆగేదాకా నెలకోసారి గమనించాలి.

కాలిమీద పూర్తి బరువు మోపవచ్చని డాక్టరు చెప్పాక, బిడ్డను గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్లు మాత్రం గోడకు ఆనించి, ఆపరేషన్ అయిన కాలిమీద అర నిమిషం నిలబడమనండి. మీరు వెనక కూర్చుని నిక్కరు నడుముపట్టీని చూడండి. ఎత్తిన కాలి వైపు పట్టీ కిందికి వాలితే, నిలబడిన కాలి వైపు పిరుదు కండరం బలహీనంగా ఉన్నట్టే. ట్రెండెలెన్‌బర్గ్ పరీక్ష అంటే ఇదే. పిల్లలు గడుసువాళ్లు, ఒళ్లు పక్కకు వంచి పట్టీని సమంగా నిలబెడతారు. ఆ వంపును కూడా లోపంగానే లెక్కించండి.

తర్వాత చాపమీద వెల్లకిలా పడుకోబెట్టి, బాగున్న మోకాలిని గుండెలకు హత్తుకోమనండి. రెండో తొడ చాపనుంచి పైకి లేస్తే తుంటి ముందుభాగం బిగుసుకున్నట్టు. పరుపు లోతుకు కుంగుతుంది కనుక దానిమీద ఇది తెలియదు. ఈ రెండింటిలో ఏది కనిపించినా, నెలనెలా పెరుగుతున్నా, తుంటి ఎక్స్‌రే గురించి ఎముకల డాక్టరును అడగండి.

రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టడం, చిన్నబిడ్డనైతే కాళ్లు రెండు పక్కలకూ వచ్చేలా చంకనెత్తుకోవడం మేలు చేస్తాయి. గాయం మానిందో లేదో ముందుగా అడిగి మొదలుపెట్టండి. బలవంతంగా మాత్రం సాగదీయకండి, కణితికి రేడియేషన్ చికిత్స ఇచ్చి ఉంటే, అది తగిలిన ఎముక పెళుసుగా ఉంటుంది.

రేడియేషన్ తీసుకున్న బిడ్డ మోకాలి నొప్పి అంటే మోకాలికి నూనె రాసి ఊరుకోవద్దు. తొడ ఎముక తల దాని ఎదుగుదల పొర (పిల్లల్లో ఎముక పెరిగే చోటు) దగ్గర జారినప్పుడు నొప్పి తరచూ మోకాలిలోనే తెలుస్తుంది. అలాంటప్పుడు నడిపించకుండా, ఎత్తుకుని ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి, తుంటికి ఎక్స్‌రే తీయమని అడగండి.